పాఠకుల ప్రశ్నలు: టర్బో ఇంజన్ ఎక్కించాక బ్రేక్ పెడల్ రాయిలా ఎందుకైంది?

ఇంజన్ మార్చిన బండ్ల బ్రేకుల మీద వచ్చిన ప్రశ్నలన్నీ ఈసారి ఒకేచోట వేస్తున్నాం. దాదాపు అన్నిట్లోనూ నింద బూస్టర్ మీదే పడింది. బూస్టర్ అంటే పెడల్ తొక్కే కాలికి తోడు బలమిచ్చే, లోపల రబ్బరు పొర (డయాఫ్రమ్) ఉన్న రేకు డబ్బా, అంతే. వాక్యూమ్ (గాలి లాగేసిన ఖాళీ) అందితే సాయం చేస్తుంది, అందకపోతే ఊరుకుంటుంది. ఇంజన్ మారినప్పుడు మారేది ఆ వాక్యూమ్ వచ్చే దారి. అందుకే ఈ జవాబుల్లో బూస్టర్ కంటే హోస్ పైపుల గొడవే ఎక్కువ.

ప్రశ్న: మాది 1.3 పెట్రోల్ జిప్సీ. అందులో స్విఫ్ట్‌లో వచ్చే 1.3 టర్బో డీజిల్ ఇంజన్ ఎక్కించాం. బండి బాగా లాగుతోంది గానీ మొదటి రోజు నుంచీ బ్రేక్ పెడల్ రాయిలా ఉంది. మెకానిక్ రెండుసార్లు బూస్టర్ మార్చాడు, మాస్టర్ సిలిండర్ (పెడల్ బలంతో బ్రేక్ ఆయిల్‌ని చక్రాలకు తోసేది) కిట్ కూడా వేశాడు. బూస్టర్ హోస్‌ని పాత ఇంజన్‌కి ఉన్నట్టే ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కి కలిపాం. ఇంకేం మార్చాలి? (కర్నూలు)

జవాబు: ఇంకేమీ మార్చొద్దు. జబ్బేమిటో మీరే రాశారు, "పాత ఇంజన్‌కి ఉన్నట్టే" అని.

పెట్రోల్ ఇంజన్‌లో మీరు యాక్సిలరేటర్ వదిలితే థ్రాటిల్ పలక మూసుకుంటుంది. పిస్టన్లు గాలి లాగుతూనే ఉంటాయి, రావడానికి దారి ఉండదు. అందుకే ఇంజన్‌లోకి గాలి పోయే గొట్టమైన మానిఫోల్డ్‌లో 400 నుంచి 500 మి.మీ. పాదరసం దాకా వాక్యూమ్ తయారవుతుంది. బూస్టర్ బతికేది దాని మీదే. డీజిల్‌కి ఈ ఏర్పాటు లేదు. అందులో గాలిని ఎవరూ ఆపరు, వేగం పెరిగేదీ తగ్గేదీ డీజిల్ ఎంత పోశామన్న దాన్ని బట్టే. కొత్త డీజిల్ ఇంజన్ల ఇన్‌టేక్‌లోనూ ఒక పలక కనబడుతుంది. అది పొగ తిరిగి లోపలికి పంపడానికి, ఇంజన్ కుదుపు లేకుండా ఆగడానికి పెట్టింది. బ్రేకులకు దానితో పని లేదు. పైగా మీ ఇంజన్‌కి టర్బో ఉంది. ఐడ్లింగ్‌లో మానిఫోల్డ్‌లో దాదాపు మామూలు గాలే ఉంటుంది. లాగేటప్పుడు అంతకంటే ఎక్కువ ఒత్తిడి ఉంటుంది. అంటే మీరు బూస్టర్‌ని గాలి పీల్చే చోట కాకుండా గాలి ఊదే చోట కలిపారు. హోస్‌లో గాలిని ఒకవైపే పోనిచ్చే నాన్ రిటర్న్ వాల్వ్ ఆ ఊదుడుని అడ్డుకుంటోంది కాబట్టి డయాఫ్రమ్ ఇంకా చిరిగి ఉండదు.

లెక్క ఒక్కసారి చూడండి. 9 అంగుళాల డయాఫ్రమ్ వైశాల్యం సుమారు 410 చదరపు సెంటీమీటర్లు. 500 మి.మీ. వాక్యూమ్ ఉంటే ప్రతి చదరపు సెంటీమీటర్ మీద బయటి గాలి దాదాపు 0.68 కిలోల బలంతో తోస్తుంది. మొత్తం దాదాపు 280 కిలోలు. స్ప్రింగ్‌కి పోయేది పోగా మిగిలినదంతా మీ కాలికి సాయం. వాక్యూమ్ సగమైతే సాయమూ సగమే. సున్నా అయితే మీ కాలొక్కటే మిగులుతుంది, రెండు టన్నుల బండి అయినా సరే.

చేయాల్సిన పని: మీ ఇంజన్‌లో సిలిండర్ హెడ్ చివర, కామ్‌షాఫ్ట్‌తో తిరిగే వాక్యూమ్ పంపు ఉంది. మన ఆటోనగర్‌లలో ఎగ్జాస్టర్ అంటే వెంటనే అర్థమవుతుంది. దాని పెద్ద నిపుల్‌కి ప్రస్తుతం రబ్బరు మూత పెట్టారో, ఊరికే వదిలేశారో చూడండి. బూస్టర్ హోస్ అక్కడికి పోవాలి. నాన్ రిటర్న్ వాల్వ్ మీద బాణం గుర్తు ఉంటే అది పంపు వైపు చూడాలి. గుర్తు లేకపోతే నోటితో ఊదండి. బూస్టర్ వైపు నుంచి ఊదితే గాలి పోవాలి, పంపు వైపు నుంచి ఊదితే ఆగిపోవాలి. రెండు వైపులా పోతే వాల్వ్ పారేయండి.

హోస్ విషయంలో పిసినారితనం వద్దు. లోపల దారం అల్లిక ఉన్న వాక్యూమ్ బ్రేక్ హోస్ అని అడిగి కొనండి. రెండు నిపుళ్లకూ బిగుతుగా పట్టే సైజే తీసుకోండి. డీజిల్ పైపో రేడియేటర్ పైపో వేస్తే ఇంజన్ ఆపి చూసినప్పుడు గుండ్రంగా, బుద్ధిగా కనిపిస్తుంది. ఇంజన్ వేడెక్కి, పంపు పీల్చడం మొదలుపెట్టాక వంపు దగ్గర లోపలి గోడలు అతుక్కుంటాయి. అందుకే పరీక్ష ఇంజన్ నడుస్తుండగా, వేడి మీద, హోస్‌ని పొడవునా వేళ్లతో నొక్కుతూ చేయాలి. ఇక ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో మీరు వాడిన పాత నిపుల్‌ని ఇత్తడి ప్లగ్గుతో మూయండి. రబ్బరు మూత పెడితే టర్బో ఒత్తిడికి ఎక్కడో దారిలో ఎగిరిపోతుంది. ఆ తర్వాత నల్లపొగ, లాగుడు తగ్గడం అంటూ మాకు ఇంకో ఉత్తరం రాస్తారు.

కలిపాక కాలితోనే మూడు పరీక్షలు చేయండి. మొదటిది: ఇంజన్ ఆపి పెడల్‌ని నాలుగైదుసార్లు తొక్కండి. గట్టిపడ్డాక అలాగే నొక్కి ఉంచి స్టార్ట్ చేయండి. పెడల్ కాలి కింద కొద్దిగా దిగాలి. దిగకపోతే వాక్యూమ్ రావడం లేదు. రెండోది: రెండు నిమిషాలు నడిపి ఆపేయండి. కాసేపాగి తొక్కితే మొదటిసారి లోతుగా, రెండు మూడుసార్లకు పైపైన ఆగాలి. మొదటిసారి నుంచే ఒకే ఎత్తులో ఆగితే బూస్టర్ వాక్యూమ్‌ని నిలుపుకోవడం లేదు. మూడోది: ఇంజన్ నడుస్తుండగా పెడల్ నొక్కి పట్టుకుని ఆపేయండి. 30 సెకన్లు కాలు కదపకుండా ఉంచితే పెడల్ అక్కడే ఉండాలి. కాలిని పైకి తోస్తే ఎక్కడో గాలి దూరుతోంది.

ఈ మూడూ పాసైతే మెకానిక్ తీసేసిన ఆ రెండు బూస్టర్లూ అడిగి ఇంటికి తెచ్చుకోండి. బహుశా రెండూ మంచివే.

ప్రశ్న: వాక్యూమ్ గేజ్ కొన్నాను. టర్బో డీజిల్ పంపు 700 మి.మీ. చూపించాలని ఒకరు చెప్పారు. నాకు 640 దాటడం లేదు. పంపు పోయినట్టేనా? (హైదరాబాద్)

జవాబు: పోలేదు. గేజ్ చూపించేది బయటి గాలికీ లోపలికీ ఉన్న తేడా. బయట గాలి ఎంత ఉందో అంతకు మించి ఏ పంపూ చూపించలేదు. సముద్రమట్టం దగ్గర అది 760 మి.మీ. హైదరాబాద్ దాదాపు 540 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి సుమారు 715. మీ 640 అందులో 90 శాతం, ఆరోగ్యమైన పంపు లక్షణం. అదే పంపు మచిలీపట్నంలో 680 చూపిస్తుంది. మీ గేజ్ అంగుళాల్లో ఉంటే 25.4తో గుణించుకోండి.

అంకె కంటే రెండు సంగతులు ముఖ్యం. స్టార్ట్ చేశాక అర నిమిషంలోపు ముల్లు 500 దాటుతోందా? ఇంజన్ ఆపాక నిలబడుతోందా? గేజ్‌ని టీ జాయింట్‌తో నాన్ రిటర్న్ వాల్వ్‌కీ బూస్టర్‌కీ మధ్య పెట్టి, 500 దగ్గర ఇంజన్ ఆపి 15 సెకన్లు చూడండి. 25 మి.మీ. కంటే ఎక్కువ పడిపోతే లీకు ఉంది. అప్పుడు బూస్టర్ వైపు హోస్‌ని ప్లయర్‌తో గుడ్డ అడ్డుపెట్టి నొక్కండి. ముల్లు నిలబడితే లీకు బూస్టర్‌లో, ఇంకా పడుతుంటే వాల్వులో గానీ టీ జాయింట్‌లో గానీ. చాలాసార్లు కొత్తగా పెట్టిన టీ జాయింటే కారుతుంది, ముందు దాని క్లిప్పులు బిగించండి.

ప్రశ్న: పాత జీపులో టర్బో డీఐ డీజిల్ ఇంజన్ వేసి, బూస్టర్ కూడా కొత్తగా పెట్టించాం. ఎగ్జాస్టర్ డైనమో వెనకాలే ఉంది. పొద్దున బ్రేకులు బ్రహ్మాండం. అరగంట నడిచాక పెడల్ గట్టిపడుతుంది. నిన్న బూస్టర్ హోస్ ఊడదీస్తే లోపలంతా నూనె. బ్రేక్ ఆయిలా, ఇంజన్ ఆయిలా తెలియడం లేదు. (రాజమహేంద్రవరం)

జవాబు: ముందు ఆ నూనె ఏమిటో తేల్చుకోండి, ఖర్చంతా దాని మీదే ఆధారపడి ఉంది. గట్టి తీగ చివర దూది చుట్టి, బూస్టర్‌కి వాల్వ్ ఉన్న రంధ్రంలోంచి అడుగు దాకా దించి తడిపి తీయండి. గాజు గ్లాసులో నీళ్లు పోసి ఆ దూది పిండండి. బ్రేక్ ఆయిల్ నీళ్లలో కలిసిపోతుంది. ఇంజన్ ఆయిల్ పైన తెట్టులా తేలుతుంది, రంగు కూడా నల్లగా ఉంటుంది. కలిసిపోతే మాస్టర్ సిలిండర్ వెనక సీలు పోయినట్టు, ఎగ్జాస్టర్‌తో సంబంధం లేదు. మీ లక్షణాలు చూస్తే నీళ్ల మీద తేలుతుందనే మా అనుమానం.

డైనమో వెనక ఎగ్జాస్టర్‌లో పలకలు తిరుగుతూ గోడకి రాసుకుంటూ గాలి తోడుతాయి. ఆ పలకల సందుల్ని మూసేది ఇంజన్ ఆయిలే. సన్న పైపు ఒకటి ఇంజన్ బ్లాక్ నుంచి ఆయిల్ తెస్తుంది, లావు పైపు ఒకటి వాడిన ఆయిల్‌ని సంప్‌కి (ఇంజన్ అడుగున ఉన్న ఆయిల్ తొట్టికి) దించుతుంది. ఇంజన్ మార్చినప్పుడు డైనమో బ్రాకెట్ జరుగుతుంది, ఈ రెండు పైపులూ పొట్టివో పొడుగువో అయిపోతాయి. తప్పులన్నీ అక్కడే పుడతాయి.

సన్న పైపు నలిగినా, లోపల మడ్డి పట్టినా పలకలు ఎండి అరుగుతాయి. చల్లగా, ఆయిల్ చిక్కగా ఉన్నప్పుడు అరిగిన సందులు కూడా మూసుకుంటాయి. ఆయిల్ వేడెక్కి పలచబడ్డాక మూసుకోవు. అందుకే పొద్దున బాగుండి, అరగంటకు గట్టిపడుతోంది. ఆ సన్న పైపుని ఎగ్జాస్టర్‌కి పట్టే యూనియన్ బోల్ట్ వదులు చేసి, కొద్దిగా క్రాంక్ చేసి చూడండి, ఆయిల్ ధారగా రావాలి. చుక్కలు చుక్కలుగా వస్తే పైపు మార్చండి.

లావు పైపు ఎక్కడా పైకి లేవకుండా, ఎగ్జాస్టర్ నుంచి సంప్ దాకా కిందికే దిగాలి. సంప్‌లో ఆయిల్ మట్టానికి పైన కలవాలి. మధ్యలో చిన్న ఊయలలాంటి వంపు ఉన్నా ఆయిల్ అక్కడ నిలిచి ఎగ్జాస్టర్ నిండిపోతుంది. పాత ఇంజన్‌కి బ్లో-బై (పిస్టన్ల పక్కనుంచి కిందికి కారే పొగ) ఎక్కువగా ఉన్నా, బ్రీదర్ పైపు మూసుకున్నా క్రాంక్‌కేస్ ఒత్తిడి ఆ ఆయిల్‌ని కిందికి దిగనివ్వదు. ఆయిల్ మూత తీసి చూస్తే భస్‌భస్ మని పొగ కొడుతుంటే ముందు బ్రీదర్ సంగతి చూడండి.

నిండిన ఆయిల్ బూస్టర్ దాకా ఎలా వచ్చింది? ఇంజన్ ఆపిన క్షణంలో బూస్టర్‌లో వాక్యూమ్ నిండుగా ఉంటుంది, ఎగ్జాస్టర్‌లో ఉండదు. నాన్ రిటర్న్ వాల్వ్ సరిగ్గా మూయకపోతే బూస్టరే ఎగ్జాస్టర్‌లోంచి ఆయిల్‌ని పీల్చుకుంటుంది. రోజూ బండి ఆపినప్పుడల్లా కొంచెం కొంచెం. కాబట్టి వాల్వ్ మార్చడం ఖాయం. ఆయిల్ తగిలిన డయాఫ్రమ్ రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. పైన చెప్పిన 15 సెకన్ల పరీక్షలో ప్రస్తుతం నిలబడినా కొన్ని నెలల్లో చిరుగుతుంది. బూస్టర్ కడిగి వాడుకోవచ్చు అని ఎవరైనా అంటే నమ్మొద్దు. పెట్రోల్ పోసి కడిగితే ఆ కాస్త రబ్బరు కూడా పోతుంది.

ఇంకో చిన్న సంగతి. ఈ డైనమో ఎగ్జాస్టర్లు ఒక దిక్కున తిరిగితేనే పీలుస్తాయి. వేరే ఇంజన్ తాలూకు డైనమో తగిలించినప్పుడు బాడీ మీద తిరిగే దిక్కు బాణం ఉంటుంది, సరిచూసుకోండి. బ్యాటరీ రెండు దిక్కులా ఛార్జ్ అవుతుంది కాబట్టి ఈ తప్పు ఎవరికీ తట్టదు.

ప్రశ్న: పాత హ్యాచ్‌బ్యాక్‌లో 1.0 టర్బో పెట్రోల్ ఇంజన్ వేశాం. మామూలుగా బ్రేకులు బాగున్నాయి. కానీ టర్బో మీద గట్టిగా లాగి, వెంటనే బ్రేక్ కొడితే మొదటి తొక్కు గట్టిగా ఉంటుంది, రెండో తొక్కుకి సర్దుకుంటుంది. (గుంటూరు)

జవాబు: ఈ జబ్బు టర్బో పెట్రోల్‌కే ప్రత్యేకం. గట్టిగా లాగేటప్పుడు మానిఫోల్డ్‌లో వాక్యూమ్ లేదు, పైగా టర్బో ఒత్తిడి ఉంది. అప్పుడు బూస్టర్ దాచుకున్న వాక్యూమ్‌తోనే నెట్టుకురావాలి. వాల్వ్ కొద్దిగా కారినా టర్బో ఒత్తిడి ఆ నిల్వని తినేస్తుంది. కాలు తీశాక ఒకటి రెండు సెకన్లకు మానిఫోల్డ్ వాక్యూమ్ మళ్లీ నింపుతుంది, అందుకే మీ రెండో తొక్కు బాగుంటోంది. పాత వాల్వ్ మామూలు పెట్రోల్ ఇంజన్ కోసం తయారైంది. దానికి ఎదురు ఒత్తిడి తట్టుకునే పని ఎప్పుడూ పడలేదు.

నిర్ధారించుకోవడం సులువు. గేజ్‌ని వాల్వ్‌కీ బూస్టర్‌కీ మధ్య టీతో పెట్టి, పొడుగు పైపుతో క్యాబిన్‌లోకి తెచ్చుకోండి. పక్కన ఒకరిని కూర్చోబెట్టి, ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో లాగండి. ముల్లు ఎక్కడుందో అక్కడే ఉండాలి. లాగినంతసేపూ సున్నా వైపు జారుతుంటే దోషం వాల్వ్‌దే. వాల్వ్‌ని వర్క్‌షాప్ కంప్రెసర్‌తో పరీక్షించొద్దు, ఆ 7, 8 బార్ల గాలికి మంచి వాల్వ్ కూడా పాడవుతుంది. టర్బో ఇంజన్ బండ్లకు వేసే వాల్వ్ కొనండి. మానిఫోల్డ్ వైపు హోస్‌కి స్క్రూ క్లిప్ వేయండి, ఒత్తిడి వచ్చేది ఆ వైపే.

వాల్వ్ బాగుంటే హోస్ మూలం చూడండి. అది థ్రాటిల్ పలక తర్వాత, అన్ని సిలిండర్లకూ ఉమ్మడిగా ఉన్న గాలి పెట్టె (ప్లీనమ్) నుంచి రావాలి. ఇంటర్‌కూలర్ పైపు మీద, థ్రాటిల్‌కి ముందు కలిపితే అక్కడ వాక్యూమ్ ఎప్పటికీ రాదు. బ్లో-ఆఫ్ వాల్వ్ (కాలు తీయగానే మిగులు టర్బో ఒత్తిడిని వదిలేసేది) పైపునీ బూస్టర్ హోస్‌నీ ఒకే నిపుల్‌కి టీ వేసి కలపడం కూడా తరచూ చూసే తప్పు. రెండూ ఒకే క్షణంలో, కాలు తీసినప్పుడు, వాక్యూమ్ అడుగుతాయి.

దానికంటే పెద్ద తప్పు ఇంకోటి ఉంది. చాలా టర్బో పెట్రోల్ బండ్లకు కంపెనీయే విడిగా వాక్యూమ్ పంపు ఇస్తుంది, మానిఫోల్డ్ మీద ఒక్కదాని మీదే భరోసా పెట్టుకోలేక. ఇంజన్ కొన్నప్పుడు ఆ పంపు పాత బండిలోనే వదిలేసి వచ్చారేమో చూడండి. దాని ప్రాముఖ్యం తెలియాలంటే 2023 ఏప్రిల్ నాటి సంగతి ఒకటి చాలు. 2016 అక్టోబర్ 27 నుంచి 2019 నవంబర్ 1 వరకు తయారైన 7,213 బలెనో ఆర్‌ఎస్ కార్లను మారుతీ వెనక్కి పిలిచింది. కారణం బ్రేకులకు తోడుండే వాక్యూమ్ పంపులో లోపం ఉండొచ్చన్న అనుమానం. పెడల్ ఎక్కువ బలంగా తొక్కాల్సి రావచ్చని కంపెనీయే చెప్పింది.

ప్రశ్న: ఇంజన్ మార్పిడితో పాటు బూస్టర్ కూడా మార్చాం. పెడల్ మెత్తగా, బాగుంది. కానీ పది కిలోమీటర్లు పోయాక బండి ఈడ్చినట్టుంటుంది, ముందు చక్రాలు ముట్టుకోలేనంత వేడి. చల్లారాక మామూలే. కాలిపర్లు (డిస్కు మీద ప్యాడ్లని నొక్కేవి) విప్పి శుభ్రం చేయించినా అంతే. (నెల్లూరు)

జవాబు: కాలిపర్లను ఇక వదిలేయండి. బండి పట్టేసినప్పుడు మాస్టర్ సిలిండర్‌ని బూస్టర్‌కి పట్టే రెండు నట్లను మూడు నాలుగు చుట్లు వదులు చేయండి. చక్రం వెంటనే వదిలితే బూస్టర్‌లోంచి మాస్టర్ సిలిండర్‌ని తోసే పుష్‌రాడ్ పొడవు ఎక్కువైంది. వదలకపోతే అప్పుడు చక్రం దగ్గరి హోస్ లోపల వాచిందేమో వెతకండి.

పుష్‌రాడ్ పొడవైతే మీరు పెడల్ వదిలినా పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు. రిజర్వాయర్‌కి తిరుగు దారి అయిన సన్న రంధ్రం మూసుకునే ఉంటుంది. బ్రేకులు వాడేకొద్దీ ఆయిల్ వేడెక్కి వ్యాకోచిస్తుంది, పోవడానికి దారి లేక ప్యాడ్లని పట్టి ఉంచుతుంది, ఇంకా వేడెక్కుతుంది. పది కిలోమీటర్ల లెక్క అదే.

కొలవడానికి పిల్లలు ఆడుకునే బంకమట్టి చాలు. మాస్టర్ సిలిండర్ విప్పి (పైపులు ఊడదీయక్కర్లేదు, పక్కకి వంచితే చాలు), పుష్‌రాడ్ మొన మీద శనగగింజంత మట్టి అతికించండి. మట్టి అంటుకోకుండా పిస్టన్ గుంటలో కాస్త బ్రేక్ గ్రీజు రాయండి. సిలిండర్‌ని మళ్లీ బిగించి, పెడల్ ముట్టుకోకుండా విప్పండి. మొన మీద మిగిలిన మట్టి మందమే మీ ఖాళీ. మీ బూస్టర్ కంపెనీ ఇచ్చిన కొలత ఉంటే దాని ప్రకారం, లేకపోతే అర మిల్లీమీటర్ దగ్గర ఉంచండి. మట్టంతా నలిగిపోయి ఇనుము కనబడితే రాడ్ తగులుతోంది, మొన దగ్గరి స్క్రూని లోపలికి తిప్పండి. 2 మి.మీ. దాటి ఉంటే పెడల్ మొదట వట్టిగా దిగుతుంది, బయటికి తిప్పండి. సర్దుబాటు స్క్రూ లేని రాడ్ అయితే ఆ బూస్టర్ మీ సిలిండర్‌కి జత కాదు. మధ్యలో వాషర్లు పెట్టి నెట్టుకురావద్దు, వాక్యూమ్ అక్కడే కారుతుంది.

ప్రశ్న: టర్బో వేశాక పెడల్ మెత్తగా, స్పాంజిలా దిగుతోంది. బూస్టర్ మార్చాలా? (ఖమ్మం)

జవాబు: వద్దు. గట్టి పెడల్ అయితే వాక్యూమ్ వైపు, మెత్తటి పెడల్ అయితే ఆయిల్ వైపు వెతకాలి. ఇంజన్ దించేటప్పుడు పైపులు ఊడదీసి ఉంటారు, లోపల గాలి ఉంది. మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రం నుంచి మొదలుపెట్టి నాలుగూ బ్లీడ్ చేయండి, అంటే గాలి బుడగలు పోయేదాకా ఆయిల్ వదలండి. తర్వాత కూడా నొక్కి పట్టుకుంటే మెల్లగా దిగిపోతుంటే మాస్టర్ సిలిండర్ సీళ్లు పోయాయి.

ప్రశ్న: జీపుకి పవర్ రెట్టింపైంది. కాబట్టి పెద్ద బూస్టర్, పెద్ద మాస్టర్ సిలిండర్ వేయమంటున్నారు. సరైనదేనా? (వరంగల్)

జవాబు: బూస్టర్ పెద్దదైతే మీ కాలికి శ్రమ తగ్గుతుంది, అంతే. బండి ఆగే దూరాన్ని నిర్ణయించేది టైర్లూ, డ్రమ్ములూ. నాలుగు డ్రమ్ముల జీపుకి పెద్ద బూస్టర్ వేస్తే వెనక చక్రాలు త్వరగా లాక్ అవుతాయి, వానలో బండి అడ్డం తిరుగుతుంది. డబ్బుంటే ముందు చక్రాలకు డిస్కులు పెట్టించండి.

పెద్ద మాస్టర్ సిలిండర్ విషయంలో చాలామంది తలకిందులుగా ఆలోచిస్తారు. 22.2 మి.మీ. బోరు (లోపలి వ్యాసం) వైశాల్యం 3.87 చదరపు సెంటీమీటర్లు, 25.4 మి.మీ. బోరుది 5.07. అదే కాలి బలం ఎక్కువ వైశాల్యం మీద పంచుకుంటే పైపుల్లో ఒత్తిడి దాదాపు 24 శాతం తగ్గుతుంది. పెడల్ తక్కువ దిగుతుంది, గట్టిగా ఉంటుంది, అందుకే "బ్రేకు టైటుగా పట్టింది" అనిపిస్తుంది. నిజానికి పట్టు తగ్గింది. చక్రాల సిలిండర్లు పెద్దవి చేసినప్పుడే పెద్ద మాస్టర్ అవసరం.

ప్రశ్న: ట్యూన్ చేసిన టర్బో పెట్రోల్, పెద్ద కామ్ (ఇంజన్ వాల్వులను ఎక్కువసేపు తెరిచి ఉంచేది). ఐడ్లింగ్‌లో వాక్యూమ్ 250 మాత్రమే వస్తోంది. ఒక వాక్యూమ్ ట్యాంకు పెడితే సరిపోతుందా? (విశాఖపట్నం)

జవాబు: ట్యాంకు వాక్యూమ్‌ని దాస్తుందే గానీ తయారు చేయదు. 250 దాస్తే 250 ఇస్తుంది. మీకు కావాల్సింది ఎలక్ట్రిక్ వాక్యూమ్ పంపు. హెల్లా యూపీ 28 లాంటివి కంపెనీ బండ్లలోనే వస్తాయి. బ్యాటరీ నుంచి నేరుగా 20 ఆంపియర్ల ఫ్యూజు, రిలే, వాక్యూమ్ స్విచ్. స్విచ్ 400 కంటే తగ్గితే ఆన్ అయి, 550 దగ్గర ఆఫ్ అయ్యేలా ఉండాలి. స్విచ్ పెట్టకుండా నేరుగా ఇగ్నిషన్‌కి కలిపితే పంపు ఆగకుండా తిరిగి కొన్నాళ్లలోనే కాలిపోతుంది. మానిఫోల్డ్ దారినీ ఉంచుకోవాలనుకుంటే రెండు దారులకూ చెరో నాన్ రిటర్న్ వాల్వ్ పెట్టి తర్వాత కలపండి, లేకపోతే పంపు మానిఫోల్డ్‌లోంచి గాలి తోడుతూ కూర్చుంటుంది. పంపుని రబ్బరు బుష్‌ల మీద, టర్బోకి దూరంగా బిగించండి.

ప్రశ్న: మా బండిలో టర్బో సరిగ్గా మాస్టర్ సిలిండర్ పక్కకి వచ్చింది. ఘాట్‌లో దిగేటప్పుడు పెడల్ లోపలికి పోతోంది. అలాగే, దిగేటప్పుడు డీజిల్ ఆదా కోసం ఇంజన్ ఆపితే ఏమైనా ఇబ్బందా? (అరకు లోయ)

జవాబు: ఈ రెండూ కలిస్తే మీరు లోయలోకే దిగుతారు, రోడ్డు మీద కాదు.

మొదటిది బ్రేక్ ఆయిల్ మరగడం. డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దగ్గర, డాట్ 4 అయితే 230 దగ్గర మరుగుతుంది. తేమ పీల్చుకున్నాక అవి 140కి, 155కి పడిపోతాయి. ఆవిరి బుడగ నొక్కితే నలుగుతుంది, చక్రానికి ఒత్తిడి చేరదు. టర్బో ఎగ్జాస్ట్ వైపుకీ మాస్టర్ సిలిండర్‌కీ మధ్య 1 మి.మీ. అల్యూమినియం రేకు అడ్డం పెట్టండి, రెండు వైపులా కనీసం 20 మి.మీ. గాలి ఖాళీ ఉంచండి. రేకు సిలిండర్‌కి తగిలితే వేడిని మోసుకొచ్చేది అదే. బూస్టర్ హోస్‌ని అటువైపు పోనివ్వకండి. పాత ఆయిల్ పూర్తిగా తీసి సీల్ విప్పని డబ్బాలోంచి డాట్ 4 పోయండి, ఏడాదికోసారి మార్చండి.

రెండోది: ఇంజన్ ఆగితే వాక్యూమ్ పంపూ ఆగుతుంది. బూస్టర్‌లో మిగిలినది రెండు మూడు తొక్కుల సరుకు. అరకు ఘాట్‌లో అది మొదటి రెండు మలుపులకు సరిపోతుంది. పవర్ స్టీరింగ్ ఉంటే అదీ పోతుంది. మూడో గేరో రెండో గేరో వేసి, ఇంజన్ నడుస్తుండగా, కాలు యాక్సిలరేటర్ మీంచి తీసేసి దిగండి. అలా దిగుతున్నప్పుడు మీ కొత్త ఇంజన్‌లోకి డీజిల్ ఎలాగూ పోదు, కంప్యూటరే ఆపేస్తుంది.